లాన్‌బ్రిన్‌మైర్ పారిష్, ఇల్లిల్లూ: ప్రాజెక్టు డైరీ

ఎక్కడ, ఏ పని

లాన్‌బ్రిన్‌మైర్ మధ్య వేల్స్ కొండల్లో ఉన్న పారిష్, అంటే ఒక చర్చి కింద ఉండే ప్రాంతం. పాత లెక్కలో మాంట్‌గమరీషైర్ కౌంటీ, ఇప్పటి లెక్కలో పొవిస్. పారిష్ అంటే ఇక్కడ ఒక్క ఊరు కాదు. గుట్ట మీద సెయింట్ మేరీ చర్చి చుట్టూ లాన్ అనే పాత ఊరు, కింద లోయల్లో బాంట్ డోల్‌గాడ్వాన్, పాండీ రియూసైసన్, తవోల్‌వెర్న్, తలెర్దిగ్, దక్షిణాన పెన్నంట్, వీటి మధ్య ఒంటరి ఇళ్లతో గొర్రెల కమతాలు. 1750 ప్రాంతం నుంచి 1921 సెన్సస్ దాకా ఏ ఇంట్లో ఎవరు ఉన్నారు, ఎక్కడి నుంచి వచ్చారు, ఎక్కడికి పోయారు అన్నది ఇల్లిల్లూ రాసి పెట్టడం ఈ ప్రాజెక్టు.

మనుషుల పేర్లతో మొదలుపెడితే ఈ పని ముందుకు సాగదు. జోన్స్, ఈవాన్స్, డేవీస్, హ్యూస్, రాబర్ట్స్, ఈ అయిదింటిలోనే పారిష్‌లో పెద్ద భాగం సర్దుకుపోతుంది. ముందు పేర్లు కూడా జాన్, ఈవాన్, డేవిడ్, మేరీ, జేన్, ఎలిజబెత్ దాటి పెద్దగా పోవు. ఒకే లోయలో ఒకే వయసు జాన్ జోన్స్‌లు ముగ్గురు ఉంటే రికార్డులు వాళ్లను విడదీసేది ఇంటి పేరుతోనే. అందుకే ముందు ఇళ్ల పట్టిక, ఆ తర్వాతే వంశవృక్షాలు.

ఇక్కడ మనవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మన ఇంటిపేరు మనిషి వెంట నడుస్తుంది. వేల్స్‌లో కమతం పేరు నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. కౌలు మారి కుటుంబం పక్క కమతానికి వెళ్తే, ఊరి నోట వాళ్ల పేరూ మారిపోతుంది. పదేళ్ల తేడాతో రెండు కమతాల పేర్లతో కనిపించిన మనిషిని ఇద్దరిగా రాసుకోవడం చాలా తేలిక.

మొదటి విడత: ఇళ్ల పట్టిక

పునాది టైథ్ మ్యాపు. 1836 చట్టంతో చర్చికి ఇచ్చే పంట భాగాన్ని డబ్బు కిందికి మార్చినప్పుడు పారిష్ పారిష్‌కీ మ్యాపు గీసి, దాంతో పాటు ఒక పట్టిక రాశారు. భూస్వామి, అనుభవదారు, మ్యాపు మీది నంబరు, చేను పేరు, సాగు రకం, విస్తీర్ణం, కట్టాల్సిన మొత్తం అందులో కాలమ్‌లు. వేల్స్ మొత్తం టైథ్ మ్యాపుల్ని అబెరిస్ట్‌విత్‌లోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ వేల్స్ ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. మ్యాపు, పట్టిక పక్కపక్కనే తెరిచి నంబరు నొక్కితే వరస కనిపిస్తుంది.

విస్తీర్ణం మూడు అంకెల్లో ఉంటుంది: ఎకరాలు, రూడ్లు, పర్చ్‌లు. 4 రూడ్లు ఒక ఎకరం, 40 పర్చ్‌లు ఒక రూడ్. ఎకరం మన ఎకరమే, 4,840 చదరపు గజాలు. కాబట్టి ఒక రూడ్ సరిగ్గా 10 గుంటలు, 4 పర్చ్‌లు ఒక గుంట. ఉదాహరణకు 2 ఎకరాలు, 3 రూడ్లు, 17 పర్చ్‌లు అని ఉంటే 2 ఎకరాల 34¼ గుంటలు, సెంట్లలో చెప్పాలంటే 2 ఎకరాల 85.6 సెంట్లు. షీటులో దశాంశం కావాలంటే ఎకరాలకు రూడ్లు÷4, పర్చ్‌లు÷160 కలపాలి. ఈ మూడు అంకెల్నీ చుక్కలో గీతలో పెట్టి ఒకే గడిలో కొడితే స్ప్రెడ్‌షీట్ దాన్ని తేదీగా మార్చేస్తుంది, అసలు అంకె మళ్లీ రాదు. మూడు కాలమ్‌లు విడివిడిగా పెట్టాలి, గడులను ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి. అసలు తేదీలకూ ఇదే దారి. ఎక్సెల్ 1900కు ముందు తేదీల్ని తేదీలుగా గుర్తించదు. సంవత్సరం, నెల, రోజు వరసలో టెక్స్ట్‌గా రాస్తే వరస పెట్టడం కూడా సరిగ్గా వస్తుంది.

టైథ్ పట్టికలో ఎక్కని ఇళ్లు చాలా ఉంటాయి. చేను లేని కూలీ ఇళ్లన్నీ కలిపి ‘కాటేజీలు’ అని ఒకే వరసలో ముగించేస్తారు. గొర్రెలు మేసే పైకొండకు విడి నంబర్లు ఉండకపోవచ్చు. ఈ ఖాళీలు పూరించేది బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే 1880ల్లో సర్వే చేసిన ఆరంగుళాల మ్యాపు. అంటే మైలుకు ఆరంగుళాల కొలత. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ సైట్‌లో వేల్స్ షీట్లు కూడా ఉచితమే, పాత మ్యాపునూ నేటి ఉపగ్రహ చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి కదిపి చూడొచ్చు. పాడుబడిన ఇళ్లు గొర్రెల దొడ్ల మధ్య గోడల గీతల్లాగే మిగిలి ఉంటాయి. పైనుంచి చూస్తే ఇల్లు ఏదో దొడ్డి ఏదో తెలియదు, పాత మ్యాపు ఉంటేనే తెలుస్తుంది.

ప్రతి ఇంటికీ గ్రిడ్ రిఫరెన్స్, అంటే మ్యాపు మీద చోటును అక్షరాల్లో అంకెల్లో చెప్పే గుర్తు, రాస్తున్నాం. ఈ పారిష్‌లో ఒక చిక్కు ఉంది. బ్రిటిష్ నేషనల్ గ్రిడ్‌లో ఎస్‌హెచ్, ఎస్‌ఎన్ చదరాల సరిహద్దు పారిష్ మధ్య నుంచే పోతుంది. లాన్, తలెర్దిగ్ ఎస్‌హెచ్‌లో పడతాయి, పెన్నంట్ వైపు ఎస్‌ఎన్‌లో పడుతుంది. అక్షరాలు వదిలేసి అంకెలు మాత్రమే రాస్తే ఇల్లు వంద కిలోమీటర్ల అవతల తేలుతుంది. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో వాడేవాళ్లు 27700 అనే కోఆర్డినేట్ పద్ధతి ఎంచుకుని, అక్షరాలకు బదులు పూర్తి అంకెల్లో పెట్టుకోవడం మేలు.

ఇళ్ల పేర్లలో కొన్ని మాటలు వస్తూనే ఉంటాయి. ఇఖావ్ అంటే ఎగువది, ఇసావ్ దిగువది, కనోల్ మధ్యది, మావుర్ పెద్దది, బాఖ్ చిన్నది, నెవిద్ కొత్తది. హెన్‌డ్రె చలికాలం ఉండే అసలు ఇల్లు, హవోద్ ఎండాకాలంలో మందతో పైకి వెళ్లి ఉండే ఇల్లు. పాండీ అంటే ఉన్ని బట్టను దంచి చిక్కబరిచే మిల్లు. ఆ పేరున్న చోట ఫ్లానెల్ నేత కుటుంబాల కోసం వెతకడం వృథా పోదు. కుమ్ కార్నెద్ ఇఖావ్, కుమ్ కార్నెద్ ఇసావ్ లాంటి జంటల్లో రికార్డు చాలాసార్లు చివరి మాట వదిలేస్తుంది. అప్పుడు ఊహించి రాయకూడదు. రెండు ఇళ్లకూ కలిపి ఒక తాత్కాలిక నంబరు ఇచ్చి, తేలాక విడగొట్టాలి. టీ నెవిద్, అంటే కొత్తిల్లు, ఒకే పారిష్‌లో ఒకటికి మించి ఉండడం మామూలు. అందుకే మా పట్టికలో ఇంటికి అసలు గుర్తు పేరు కాదు, టైథ్ నంబరు. నంబరు లేని ఇంటికి గ్రిడ్ రిఫరెన్స్.

పేర్ల పాత రూపాలకు వేల్స్ చారిత్రక స్థల నామాల జాబితా పనికొస్తుంది. 2016 చట్టంతో మొదలైన ఈ జాబితాను అబెరిస్ట్‌విత్‌లోని రాయల్ కమిషన్ చూసుకుంటుంది, ఉచితంగా వెతకొచ్చు.

రెండో విడత: సెన్సస్ పుస్తకాలు

సెన్సస్‌ను పేరు కొట్టి వెతకడం మానేసి, పారిష్ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వరసగా ఎక్కిస్తున్నాం. లెక్కలు రాసినాయన ఒక ఇంటి నుంచి మరో ఇంటికి నడిచిన దారి ఆ వరసలో ఉంటుంది. పేరు రాయని ఇల్లు తగిలితే ముందూ వెనకా ఉన్న ఇళ్ల మధ్య మ్యాపు మీద వెతికితే చాలాసార్లు ఒకటే మిగులుతుంది. అయితే ఆయన మనకోసం నడవలేదు. ఒక లోయ ఎక్కి, కొండ దాటి, ఇంకో లోయలో దిగి, సాయంత్రం మిగిలిన రెండిళ్లు చివర్లో రాసి ఉండొచ్చు. పుస్తకం మొదట్లో ఆ విభాగం హద్దులు రాసిన పేజీ ఉంటుంది. చాలామంది దాన్ని దాటేస్తారు, అది ముందు చదవాలి.

1841 పుస్తకంలో పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును కిందికి, అయిదు గుణిజానికి తగ్గించి రాయమన్నారు. 40 అంటే 40 నుంచి 44లో ఏదైనా కావొచ్చు. బంధుత్వం రాయలేదు, పుట్టిన పారిష్ అడగలేదు, ఆ కౌంటీలో పుట్టారా, లేకపోతే స్కాట్లండ్, ఐర్లండ్, విదేశాల్లోనా అన్నదే అడిగారు. పేర్ల మధ్య వాలు గీత ఒకటి ఉంటే అదే ఇంట్లో ఒక కుటుంబం అయిపోయినట్టు, రెండు ఉంటే ఇల్లే అయిపోయినట్టు. ఈ గీతలు స్కాన్‌లో మసకగా ఉంటాయి, పెద్దది చేసి చూడాలి. ట్రాన్స్‌క్రిప్షన్‌లలో, అంటే చూసి టైపు చేసిన నకళ్లలో, అవి అసలు ఉండవు, అందుకే ట్రాన్స్‌క్రిప్షన్ మీద ఆధారపడి 1841 కుటుంబాలు కట్టకూడదు.

1851 నుంచి పుట్టిన పారిష్, బంధుత్వం వస్తాయి. 1851–1881 పుస్తకాల్లో రైతు దగ్గర ఎన్ని ఎకరాలు, ఎంతమంది పనివాళ్లు అన్నది కూడా రాశారు. ఇంటి పేరు గల్లంతైన చోట ఈ ఎకరాలను టైథ్ ఎకరాలతో పోల్చి ఇల్లు పట్టొచ్చు. పైకొండ మేత కలిపి చెప్పిన రైతు ఉంటాడు, దున్నే నేల మాత్రమే చెప్పిన రైతు ఉంటాడు. కాబట్టి సరిపోతే సాక్ష్యం, సరిపోకపోతే ఏమీ తేలనట్టే.

తేదీలు చూడండి: 1851 మార్చి 30, 1861 ఏప్రిల్ 7, 1871 ఏప్రిల్ 2, 1881 ఏప్రిల్ 3, 1891 ఏప్రిల్ 5, 1901 మార్చి 31, 1911 ఏప్రిల్ 2. కౌళ్లు మారే రోజు చాలాచోట్ల మార్చి 25. అంటే సెన్సస్‌లో కనిపించిన కుటుంబం ఆ కమతానికి వచ్చి వారమో పది రోజులో అయి ఉండొచ్చు. ఆ ఏడాది జనవరిలో అదే ఇంటి పేరుతో బాప్తిస్మం జరిగితే ఆ బిడ్డ ముందు కౌలుదారు బిడ్డ కావొచ్చు. ఈ ఒక్క సంగతి పట్టించుకోక తప్పు కుటుంబానికి అతికించిన పిల్లలు ఆన్‌లైన్ వంశవృక్షాల్లో కోకొల్లలు. పాలేర్లు ఇంకా తరచుగా ఇల్లు మారుతారు. వాళ్లను ఆ ఇంటికి కట్టేయకుండా, పుట్టిన పారిష్ పట్టుకుని విడిగా వెతకాలి. పెద్ద కమతాల కుటుంబాలు ఎక్కడైనా దొరుకుతాయి. పాలేరు పిల్లవాడు పదేళ్లకొకసారి ఒక్క వరసలో మాత్రమే కనిపిస్తాడు. ఆ వరస వదలకుండా ఎక్కించడమే ఈ పట్టికకు విలువ అని మా నమ్మకం.

1891 నుంచి వెల్ష్ మాట్లాడతారా, ఇంగ్లిషా, రెండూనా అని భాష కాలమ్ వచ్చింది. 1911లో ఇంటిపెద్ద స్వయంగా నింపిన కాగితమే మిగిలింది. వెల్ష్ ఫారాలు కూడా ఇచ్చారు. ఆ వివాహంలో ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు, ఎంతమంది పోయారు అన్న కాలమ్ ఉంటుంది. రెండు సెన్సస్‌ల మధ్య పుట్టి పోయిన పసిపిల్లల కోసం వెతకాల్సిన సంఖ్య అక్కడే తెలుస్తుంది. 1931 సెన్సస్ 1942లో కాలిపోయింది, 1941లో అసలు తీయలేదు. 1921 తర్వాత మిగిలేది 1939 సెప్టెంబరు 29 నాటి జనాభా రిజిస్టర్ ఒక్కటే.

రిఫరెన్స్ రాసేటప్పుడు పీస్ (ఆర్కైవ్స్‌లో ఆ పుస్తకాల కట్ట నంబరు), ఫోలియో (కాగితం నంబరు), పేజీ మూడూ ఉండాలి. ఫోలియో నంబరు కుడి చేతి కాగితం ముందు వైపు మాత్రమే ముద్రించి ఉంటుంది, వెనక పేజీకీ అదే నంబరు.

మూడో విడత: చర్చి రిజిస్టర్లు, తండ్రి పేర్లు

సివిల్ రిజిస్ట్రేషన్, అంటే జనన, వివాహ, మరణాల ప్రభుత్వ నమోదు, 1837 జూలై 1న మొదలైంది. లాన్‌బ్రిన్‌మైర్‌కు జిల్లా మహన్‌లెత్. 1875 దాకా జననం నమోదు చేయించకపోతే తల్లిదండ్రులకు జరిమానా ఉండేది కాదు, కొండ మీది ఇళ్లలో కొన్ని జననాలు అసలు నమోదే కాలేదు. జనరల్ రిజిస్టర్ ఆఫీసు సొంత ఆన్‌లైన్ ఇండెక్స్‌లో తల్లి పుట్టింటి పేరు 1837 నుంచే ఉంది. జోన్స్‌ల గుంపులో అది తప్ప దిక్కులేదు. తల్లి కూడా జోన్స్ అయితే గడిలో పేరుకు బదులు గీత ఉండొచ్చు. అలా ఉన్న పాత జననాల్లో పెళ్లి కాని తల్లుల బిడ్డలూ ఉంటారు, రెండింటినీ తేల్చుకోవాలి.

1813కు ముందు, తర్వాత రిజిస్టర్లు వేరు వేరు లోకాలు. 1812 చట్టంతో అచ్చు ఫారాలు వచ్చాయి. బాప్తిస్మం ఫారంలో నివాసం, తండ్రి వృత్తి కాలమ్‌లు, ఖననం ఫారంలో నివాసం, వయసు కాలమ్‌లు ఉన్నాయి. ఆ నివాసం గడిలో రాసిన కమతం పేరే ఈ ప్రాజెక్టుకు ప్రాణం. ముందు కాలంలో మతగురువు ఇష్టం. ఒకాయన ఇల్లు రాస్తాడు, తర్వాత వచ్చినాయన తండ్రి పేరుతో సరిపెడతాడు. అసలు రిజిస్టర్ తడిసిపోయిన చోట, బిషప్‌కు ఏటా పంపిన నకళ్లు నేషనల్ లైబ్రరీలో ఉంటాయి. నకలు కదా అని వదిలేయకూడదు. రిజిస్టర్‌లో లేని ఇంటి పేరు నకల్లో దొరికే సందర్భాలున్నాయి. 19వ శతాబ్దంలో డయోసిస్ (ఒక బిషప్ కింది ప్రాంతం) హద్దులు మారాయి కాబట్టి ఇక్కడి కాగితాల కోసం సెయింట్ అసాఫ్, బాంగర్ రెండు డయోసిస్‌ల కేటలాగులూ చూడాలి.

1752కు ముందు కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. 1742 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో 1743. రాసింది రాసినట్టు ఒక కాలమ్‌లో, సరిచేసింది ఇంకో కాలమ్‌లో పెట్టాలి. 1742/43 అని ఒకే గడిలో రాస్తే ఎవరో ఒకరు దాన్ని మళ్లీ ‘సరిచేస్తారు’.

ఇక పేర్లు. ఇక్కడి కొండల్లో స్థిరమైన కుటుంబం పేరు చాలా ఆలస్యంగా వచ్చింది. 18వ శతాబ్దం చివరి దాకా, కొన్ని ఇళ్లలో ఇంకా ఆ తర్వాత కూడా, బిడ్డకు తండ్రి ముందు పేరే రెండో పేరు. ఈవాన్ థామస్ కొడుకు జాన్ అయితే జాన్ ఈవాన్ లేదా జాన్ ఈవాన్స్. అతని కొడుకు థామస్ అయితే థామస్ జాన్ లేదా థామస్ జోన్స్. మూడు తరాలు, మూడు ‘ఇంటిపేర్లు’, ఒకటే రక్తం. అన్నదమ్ముల్లో ఒకరు తండ్రి ముందు పేరును, ఇంకొకరు తండ్రి రెండో పేరును తీసుకోవడం కూడా ఉంది. పాత ‘అప్’, అంటే కొడుకు అన్న మాట, పేర్లలో కరిగిపోయింది: అప్ హవెల్ పవెల్, అప్ రీస్ ప్రైస్, అప్ హ్యూ ప్యూ, అప్ రిచర్డ్ ప్రిచర్డ్, అబ్ ఓవెన్ బోవెన్. ఆడవాళ్లు పెళ్లయ్యాక కూడా తండ్రి పేరునే ఉంచుకునేవారు. భర్త పేరుతో వితంతువు ఖననం దొరక్కపోతే పుట్టింటి పేరుతో చూడాలి.

మేం పాటిస్తున్న పద్ధతి ఇది. 1837 దాకా ప్రతి సంఘటననూ రెండు రకాలుగా వెతకడం: తండ్రి రెండో పేరుతో ఒకసారి, తండ్రి ముందు పేరుతో ఒకసారి. దొరికినవాటిలో ఇంటి పేరు కలిసినవాటినే కలపడం. ఇంటి పేరు లేకపోతే, ఎంత ఊరించినా, ‘అవకాశం ఉంది’ అన్న గుర్తుతోనే వదిలేయడం. బెబ్, బ్రీస్, పీట్, టిబ్బట్ లాంటి అరుదైన పేర్లు ఈ లోయల్లో ఉన్నాయి. వెల్ష్ జానపద మ్యూజియంకు 1948లో ప్రాణం పోసిన యోర్‌వెర్త్ పీట్ పుట్టింది ఈ పారిష్‌లోనే. ఆ పేర్ల కుటుంబాలను ముందు పూర్తి చేసుకుంటే, వాళ్లతో పెళ్లి సంబంధాలున్న జోన్స్‌లు, ఈవాన్స్‌లు వాటికవే కొంత తేలతారు.

చాపెల్ వైపు

చర్చి రిజిస్టర్ ఒక్కటే చూస్తే పారిష్ సగమే కనిపిస్తుంది. అధికార చర్చిలో కలవని క్రైస్తవ శాఖల ప్రార్థనా మందిరమే చాపెల్. ఇక్కడ స్వతంత్ర సంఘం వారి హెన్ గాపెల్, అంటే పాత చాపెల్, 1739 నుంచి ఉంది. వాళ్ల బిడ్డల బాప్తిస్మం చాపెల్ రిజిస్టర్‌లో ఉంటుంది. 1837 తర్వాత ప్రభుత్వం పిలిచి తీసుకున్న చాపెల్ రిజిస్టర్లు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్‌జీ 4 వరసలో ఉన్నాయి. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, అక్కడ దొరికే బాప్తిస్మం తేదీని పుట్టుక తేదీగా తీసుకోకూడదు. కాల్వినిస్టిక్ మెథడిస్టులు తమ గురువులను తామే నియమించుకున్నది 1811లో. దానికి ముందు వాళ్ల పిల్లల్ని చర్చి రిజిస్టర్‌లోనే వెతకాలి. పెళ్లిళ్లకు మాత్రం 1754 నుంచి 1837 దాకా క్వేకర్లకు, యూదులకు తప్ప అందరికీ పారిష్ చర్చే గతి.

ఏ చాపెల్‌కు ఎంతమంది వచ్చేవాళ్లో 1851 మార్చి 30 మత గణన కాగితాల్లో ఉంది, హెచ్‌ఓ 129 వరస.

వీలునామాలు, కౌలు పుస్తకాలు

1858 జనవరికి ముందు చర్చి కోర్టుల్లో నిరూపించిన వెల్ష్ వీలునామాలు నేషనల్ లైబ్రరీ సైట్‌లో ఉచితం. 18వ శతాబ్దం మధ్య దాకా వీలునామాకు ఆస్తి జాబితా జోడించి ఉంటుంది: ఎన్ని ఆవులు, ఎన్ని గొర్రెలు, మగ్గం ఉందా, ఎవరెవరు బాకీ. అల్లుళ్ల పేర్లు కమతం పేరుతో సహా వస్తాయి కాబట్టి తండ్రి పేర్ల చిక్కుకు ఇంతకంటే మంచి విరుగుడు లేదు. ఇక్కడి పెద్ద భూస్వామి విన్‌స్టే ఎస్టేట్. ఆ కాగితాలు కూడా అదే లైబ్రరీలో ఉన్నాయి. కౌలు పుస్తకాలు కమతం వరసలోనే రాస్తారు కాబట్టి మా పట్టికకు అచ్చంగా సరిపోతాయి.

రాళ్లు

సమాధి రాళ్లు ఇక్కడ ఎక్కువగా పలకరాయి. చెక్కిన అక్షరం రెండు వందల ఏళ్లకూ పదునుగా ఉంటుంది. చెడితే ఒక్కసారిగా పొరలుగా ఊడిపోతుంది. అందుకే పొర లేచిన రాళ్లకు ముందు ఫొటో తీయాలి. ఎదురుగా ఫ్లాష్ కొడితే అక్షరాలు మాయమవుతాయి. వెలుగు పక్క నుంచి, రాతికి దాదాపు ఆనుకుని వాలుగా పడాలి. మధ్యాహ్నం ఎండ ఉంటే అద్దంతో మళ్లించాలి, మబ్బుగా ఉంటే సాయంత్రం టార్చి పక్కన పెట్టాలి. వైరు బ్రష్, సుద్ద, షేవింగ్ నురగ ఏదీ రాతి మీద పెట్టకూడదు. నాచు గోకితే పలక పై పొర దాంతో పాటే వస్తుంది. గడ్డిలో కూరుకుపోయిన కింది వరసలను తవ్వకుండా, చేత్తో గడ్డి పక్కకు జరిపి చూడాలి. అక్కడే తరచుగా నాలుగు పాదాల ఎంగ్లిన్ పద్యం, కొన్నిసార్లు చెక్కినవాడి పేరు ఉంటాయి. ముందుగా చర్చి, చాపెల్ పెద్దల అనుమతి తప్పనిసరి.

రాతి భాష కొద్ది మాటల్లోనే తిరుగుతుంది. ‘ఎర్ కోవ్ అం’ జ్ఞాపకార్థం. ‘ప్రియోద్’ భర్త లేదా భార్య, ‘గ్వెదూ’ వితంతువు, ‘మాబ్’ కొడుకు, ‘మెర్ఖ్’ కూతురు, ‘హెవిద్’ ఇంకా, ‘ఇఖోద్’ పైన చెప్పిన, ‘బీ వారు’ మరణించారు. ‘గింట్ ఓ’ అన్నది కళ్లు విప్పి చూడాల్సిన మాట: ‘ఇంతకుముందు ఫలానా ఇంటివారు’ అని. చనిపోయే నాటికి కుటుంబం అక్కడ లేదన్నమాట. సెన్సస్‌లో ఒక ఇంట్లోనూ రాతి మీద ఇంకో ఇంట్లోనూ కనిపించిన మనిషి ఒక్కడేనని ఆ రెండు మాటలు తేల్చేస్తాయి.

పత్రికలు, మారిపోయే మొదటి అక్షరం

నేషనల్ లైబ్రరీ వారి వెల్ష్ న్యూస్‌పేపర్స్ ఆన్‌లైన్‌లో 1919 దాకా పత్రికలు ఉచితం. కేంబ్రియన్ న్యూస్ లాంటి ఇంగ్లిషు పత్రికలు, వెల్ష్ పత్రికలు అన్నీ ఒకే వెతుకు పెట్టెలో. ‘వెల్ష్ జర్నల్స్’ అనే సోదర సైట్‌లో మత పత్రికలు, పొవిస్‌లాండ్ క్లబ్ అనే స్థానిక చరిత్ర సంఘం వారి పత్రిక మాంట్‌గమరీషైర్ కలెక్షన్స్ ఉన్నాయి. ఆ క్లబ్ 1867లో పుట్టింది.

ఊరి పేరు కొడితే ఫలితాలు తక్కువ వస్తాయి, ఎందుకంటే వెల్ష్‌లో ముందు మాటను బట్టి తర్వాతి మాట మొదటి అక్షరం మారుతుంది. వ్యాకరణంలో గసడదవాదేశ సంధి చదివినవాళ్లకు ఇది ఇబ్బంది కాదు. క గ అవుతుంది, ప బ అవుతుంది, త ద అవుతుంది. తలెర్దిగ్ నుంచి అంటే ‘ఓ దలెర్దిగ్’, తలెర్దిగ్‌లో అంటే ‘అన్ నలెర్దిగ్’. పెన్నంట్ ‘ఓ బెన్నంట్’, ‘అమ్ మెన్నంట్’ అవుతుంది. కుమ్ కార్నెద్ ‘ఓ గుమ్ కార్నెద్’, ‘అంగ్ ఙుమ్ కార్నెద్’ అవుతుంది. హెన్ గాపెల్‌లో గాపెల్ కూడా కాపెల్ మారిన రూపమే. ప్రతి ఇంటి పేరుకూ మూడు నాలుగు రూపాలు ముందే రాసి పెట్టుకున్న కాలమ్ మా షీటులో ఉంది. వెతికేటప్పుడు వాటిని అన్నీ వేయాలి. యంత్రం చదివిన అచ్చులో టోపీ గుర్తున్న అక్షరాలు తప్పుగా పడతాయి, కాబట్టి ఆ అక్షరం లేని సగం మాటతో కూడా ఒకసారి చూడాలి.

ఇంకో అడ్డు కవి పేర్లు. సంతాప వార్తలో, ఈస్టెడ్‌వద్ అనే కవితా, సంగీత పోటీల వార్తలో మనిషి అసలు పేరు ఉండకపోవచ్చు. ఇక్కడివాడే అయిన రిచర్డ్ డేవీస్ (1833–1877) పత్రికల్లో అంతటా ‘మనిదోగ్’. చిన్న కవుల విషయంలో ఈ జత ఏ నిఘంటువులోనూ దొరకదు, చాపెల్ వార్తలు చదువుతూ పట్టుకోవాల్సిందే.

ఒహాయో కొస

ఈ పారిష్ కథ అట్లాంటిక్ దాటకుండా పూర్తి కాదు. 1795లో కుమ్ కార్నెద్ ఇఖావ్‌కు చెందిన ఎజెకియెల్ హ్యూస్, ఎడ్వర్డ్ బెబ్ మరికొందరితో కలిసి బ్రిస్టల్‌లో ‘మరియా’ ఓడ ఎక్కి ఫిలడెల్ఫియా చేరారు. తర్వాత ఒహాయోలో భూములు తీసుకున్నారు. బెబ్ స్థిరపడిన పాడీస్ రన్, ఇప్పటి షాండన్, లాన్‌బ్రిన్‌మైర్ వాళ్లకు దశాబ్దాల పాటు మొదటి మజిలీ. ఎడ్వర్డ్ కొడుకు విలియం బెబ్ 1846 నుంచి 1849 దాకా ఒహాయో గవర్నర్. హెన్ గాపెల్ గురువు, ‘ఎస్‌.ఆర్‌.’గా పేరుపడ్డ శామ్యూల్ రాబర్ట్స్ (1800–1885) కుటుంబం విన్‌స్టే ఎస్టేట్ కింద దియోస్గ్ కమతం కౌలుకు చేసేది. తాము బాగు చేసిన నేలకే కౌలు పెంచడం మీద ఆయన ఎస్టేట్‌తో గట్టిగా పోట్లాడాడు. 1857లో టెనెసీ వెళ్లి, అంతర్యుద్ధం చూసి, 1867లో తిరిగి వచ్చాడు. కౌలు పెంపుకూ వలసకూ ఉన్న లంకె ఈ ఒక్క ఇంట్లో ఆయన రాతల వల్ల స్పష్టంగా కనిపిస్తుంది. మిగతా ఇళ్లలో దాన్ని కౌలు పుస్తకాల అంకెల నుంచే తీయాలి.

వెళ్లినవాళ్లను పట్టడానికి అమెరికా సెన్సస్ పెద్దగా సాయం చేయదు, పుట్టిన చోటు ‘వేల్స్’ అని మాత్రమే ఉంటుంది. పారిష్ పేరు, తరచుగా కమతం పేరు కూడా దొరికేది అమెరికా వెల్ష్ పత్రికల సంతాప వార్తల్లో: అ కెన్‌హాదుర్ అమెరికానైద్ 1840 నుంచి, అ డ్రిఖ్ 1851 నుంచి. ఇటు వైపు పోల్చడానికి ఎస్‌.ఆర్‌. 1843లో మొదలుపెట్టిన అ క్రోనిక్ల్ పత్రిక ఉంది.

ఇప్పుడు చేతిలో ఉన్నది

ఇళ్ల పట్టిక టైథ్, ఆరంగుళాల మ్యాపులతో సరిచూడడం అయింది. ఇఖావ్, ఇసావ్ తేలని జంటలు తాత్కాలిక నంబర్లతో ఉన్నాయి. సెన్సస్‌లు 1841 నుంచి 1881 దాకా ఎక్కాయి. 1891లో భాష కాలమ్‌తో సహా ఎక్కిస్తున్నాం. చర్చి రిజిస్టర్లలో 1813 తర్వాతివి ఇళ్లకు కలిపాం. ముందువి వీలునామాలు చదివాకే కలుపుతాం, లేకపోతే తండ్రి పేర్ల దగ్గర కుటుంబాలు అడ్డదిడ్డంగా అతుక్కుంటాయి. లాండ్రిన్‌డాడ్ వెల్స్‌లోని పొవిస్ ఆర్కైవ్స్‌లో స్కూలు లాగ్ పుస్తకాలు ఇంకా చూడాలి. గొర్రెల ఉన్ని కోత, ఎండుగడ్డి పనుల రోజుల్లో ఏ ఇంటి పిల్లలు రాలేదో హెడ్‌మాస్టర్లు రాసి పెడతారు.

ఆ తర్వాత రైల్వే. న్యూటౌన్–మహన్‌లెత్ లైను 1863 జనవరిలో తెరుచుకుంది. దానికోసం తలెర్దిగ్ దగ్గర రాతిని 120 అడుగుల లోతున కోశారు. 1861 సెన్సస్‌లో ఆ పనికి వచ్చిన బయటి కూలీలు స్థానిక ఇళ్లలో అద్దెకు కనిపిస్తారు. పారిష్ వాళ్లలో ఎవరు ఆ పనిలో చేరి 1871 నాటికి ఊరు వదిలారో తలెర్దిగ్ చుట్టుపక్కల ఇళ్లతో మొదలుపెట్టి చూడబోతున్నాం.